ఉతికిన కోటు

మెల్లయ్యకి అసలు పేరు వేరే ఉంది, కానీ అది ఆఫీసు కాయితాలకే పరిమితం. అడుగు తీసి అడుగు వేయడంలో ఆయన నిదానం చూసి, పనిలో చేరిన కొత్తల్లో ఎవరో అలా పిలిచారు. అదే అతుక్కుపోయింది. కోపం వస్తే ఇంట్లో భార్య కూడా "ఏవండీ మెల్లయ్య గారూ" అంటుంది. ఆయన నొచ్చుకోడు. ఆయన చేసే పనికి ఆ నిదానమే కావాలి మరి.

ఆయన పని చెట్టెలుకల్ని సాకడం.

ఎలుక అనగానే మొహం చిట్లించకండి. ఇది అటక మీద పాత బట్టలు కొరికే రకం కాదు. అడవి బిడ్డ. మూరెడు ఒళ్ళు, దానికి మించిన తోక, తోక చివర సున్నంలో ముంచి తీసినట్టు తెల్లటి కుచ్చు. పాదాలు మాత్రం బొగ్గుల్లో నడిచొచ్చినట్టు నల్లగా ఉంటాయి. నేల మీద కాలు పెట్టడం దానికి గిట్టదు. చెట్టు తొర్రలో పుడుతుంది, కొమ్మల మీదే బతుకంతా గడిపేస్తుంది. రాయిలాంటి గింజకి కూడా వడ్రంగి బరమా పెట్టి తొలిచినట్టు గుండ్రటి బెజ్జం చేసి లోపలి పలుకు లాగి తింటుంది. భయమేస్తే ఎటు పోవాలా అని ఆలోచించదు. పైకి పోతుంది. ఎంత పైకి వీలైతే అంత పైకి.

దాని ఒళ్ళు పట్టేంత తొర్ర ముసలి చెట్లకే ఉంటుంది. ఆ చెట్లన్నీ కొట్టేశారు. కొత్త మొక్కలు నాటారు, బాగానే ఉంది, కానీ వాటికి తొర్ర పడేదాకా ఈ ప్రాణి ఎక్కడ తలదాచుకోవాలి? అందుకే మిగిలిన కొన్నింటిని పట్టుకొచ్చి ఒక పెద్ద కట్టడంలో పెట్టారు. కొమ్మలు నిలబెట్టి, చెక్క పెట్టెలు బిగించి, తొర్ర అనుకోమన్నారు. అవి అనుకోలేదు. తిన్నాయి, తిరిగాయి, పిల్లల్ని మాత్రం పెట్టలేదు. పెట్టిన ఒక్క తల్లీ, ఆవరణలో ఎవరో గోడకి డ్రిల్లింగు చేస్తుంటే బెదిరిపోయి, తన పిల్లల్ని తనే తొక్కి చంపుకుంది. ఆ పెట్టె శుభ్రం చేసింది మెల్లయ్యే. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని అలాగే లేచిపోయాడు.

ఇన్నాళ్ళకి ఇంకో తల్లి పిల్లల్ని పెట్టింది. రెండు. వేలెడంత లేవు, ఒంటి మీద నూగు కూడా లేదు.

ఈ పిల్లల సంగతి ఒకటి చెప్పాలి. పుట్టగానే తల్లి చన్ను నోట కరుచుకుంటాయి, ఇక వారాల తరబడి వదలవు. తల్లి ఎక్కడికి పోతే అక్కడికి, కడుపు కింద సంచుల్లా వేలాడుతూ, కొమ్మల మీద ఈడ్చుకుపోబడుతూ ఉంటాయి. చూసేవాళ్ళకి ప్రాణం విలవిల్లాడుతుంది. కానీ వాటికి అదే క్షేమం. ఊడిపడితేనే ముప్పు. ఒంటి వేడి నిలవక చల్లబడిపోతాయి.

అందుకని అక్కడో కట్టుబాటు పెట్టింది డాక్టరమ్మ. ఆ కట్టడానికంతా పెద్ద ఆవిడే. తల్లి గదిలోకి ఒక్క మనిషే వెళ్ళాలి, ఒక్క కోటే వేసుకోవాలి, ఆ కోటు ఉతక్కూడదు. ఈ జంతువు మనిషిని కళ్ళతో గుర్తుపట్టదు, ముక్కుతో పడుతుంది. ఆ ముతక కోటుకి మెల్లయ్య చెమట, గింజల పొట్టు, కొమ్మల జిగురు అన్నీ పట్టి, దానికంటూ ఒక వాసన వచ్చింది. తల్లికి ఆ వాసనే మెల్లయ్య.

ఆ వారం కోటు గుండీ ఒకటి ఊడింది. భార్య చేత కుట్టించుకుందామని ఆయన దాన్ని సంచిలో పెట్టి ఇంటికి తెచ్చాడు. అప్పటికే మరదలు, అంటే భార్య చెల్లెలు, నాలుగు రోజులుండి పోదామని వచ్చి ఉంది. ఆవిడకి చెయ్యి ఖాళీగా ఉంటే తోచదు. అక్క గుండీ కుట్టి పక్కన పెట్టిన కోటు చూసింది.

పొద్దున్నే మెల్లయ్య ముక్కు చీదుకుంటూ బయల్దేరుతున్నాడు. జలుబు చేసి ముక్కులు రెండూ బిగదీసుకుపోయి ఉన్నాయి.

"బావా, నీ కోటు మడతపెట్టి సంచిలో పెట్టాను," అంది మరదలు.

"మంచి పని చేశావమ్మాయ్."

"మంచి పనే. ఆ కోటు చూస్తే నీకు పెళ్ళామన్నదే లేదనుకుంటారెవరైనా."

"మీ అక్క చెవిన పడేను, మెల్లగా అను."

"మెల్లగా ఉండటం నీ పని. నాకు రాదు."

భార్య లోపల స్నానంలో ఉంది. ఉండకపోతే ఆ "మంచి పని" ఏంటని అడిగేది. మెల్లయ్య అడగలేదు. సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ కళ్ళద్దాలు మరిచిపోయాడు.

చెట్టెలుకలకి మెలకువ రాత్రిళ్ళు కదా, మనుషులకి పగలే పని. అందుకని ఆ కట్టడంలో వేళలు తిరగేశారు. రాత్రంతా తెల్ల లైట్లు వేసి నిద్రపుచ్చుతారు, పగలంతా ఎర్రటి మసక బల్బులు. ఒక్క కిటికీ లేదు. బయటి తలుపు తీస్తే ఇరుకైన నడవా, నడవా చివర లోపలి తలుపు, ఆ తలుపు అవతల తల్లి గది. ఒక తలుపు వేశాకే ఇంకోటి తీయాలి. ఫోన్లు గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి రావాలి.

మెల్లయ్య ఆ మసకలోనే కోటు తొడుక్కున్నాడు. బట్ట కాస్త బిరుసుగా తగిలిందేమో, గుండీ కుట్టినందుకు అనుకున్నాడేమో. లోపలికెళ్ళి గింజల కొమ్మ తగిలించాడు. నీళ్ళ గిన్నె మార్చడానికి జాలీ తలుపు తీసి, రోజూలాగే చెయ్యి లోపలికి పెట్టి కాసేపు ఊరుకున్నాడు. తల్లి పెట్టె కన్నంలోంచి మూతి బయటపెట్టింది. మీసాలు ఆడాయి.

తర్వాత అది ఆగిపోయింది. మీసాలతో సహా మొత్తం ఆగిపోయింది. ఆయన ఎప్పుడూ చూడని ఆగడం అది.

"ఏమైందే తల్లీ," అన్నాడు గొంతులోనే.

అదే క్షణంలో నడవాలో బయటి తలుపు తీసి వేసిన చప్పుడైంది. "బావా, నీ కళ్ళద్దాలు" అంటూ మరదలు లోపలి తలుపు తోసింది. వాచ్‌మన్ ఫోను తీసుకున్నాడు గానీ, బంధువే కదా అని మనిషిని పంపించేశాడు. వెలుతురు రాలేదు, గాలి మాత్రం వచ్చింది. తల్లి రివ్వున దూకింది. ఆయన భుజం మీద గోళ్ళు దిగబడ్డాయి, చెవి పక్కన తోక కొట్టుకుంది, అంతే, తెరిచిన తలుపులోంచి నడవాలోకి పోయింది.

జన్మలో పరిగెత్తని మెల్లయ్య పరిగెత్తాడు.

మరదలు గోడకి కరుచుకుపోయి ఉంది. ఎలుకంటే ఆవిడకి వల్లమాలిన భయం. కల్లో వచ్చినా మంచం దిగదు. "పైకి పోయింది," అంది. "ఆ పైపు పట్టుకుని పైకి పోయింది బావా."

గోడ మీది నీళ్ళ పైపుకి పైన, నడవా కప్పు కింద గాలి గొట్టం ఉంది. దాని మూతకి ఒక మూల జాలీ చిరిగి ఉంది. కరెంటతనికి ఎన్నిసార్లు చెప్పినా "రేపు చూస్తా" అన్నదే సమాధానం. ఆ చిరుగులోంచి తెల్ల కుచ్చు లోపలికి జారిపోవడం మెల్లయ్య కళ్ళారా చూశాడు.

గొట్టం అవతలి కొసన ఫ్యాను ఉంది. మూరెడేసి రెక్కలు. గది వేడెక్కితే ఎవరూ చెప్పకుండానే తిరుగుతుంది. ఇప్పుడు అది మొదలుకాబోయే ముందు వచ్చే సన్నటి మూలుగు వినిపించింది.

మెల్లయ్య గోడ మీది మెయిన్ స్విచ్ లాగేశాడు.

మూలుగు ఆగింది. బల్బులూ పోయాయి. కళ్ళు తెరిచినా మూసినా తేడా తెలియనంత చీకటి.

"బావా," అంది మరదలు.

"అరవకు. నేనిక్కడే ఉన్నా. అది నీ పక్కనుంచి పోయేటప్పుడు కడుపు కింద ఏమైనా వేలాడుతోందా?"

"వేలాడుతోంది. ఏదో తిత్తిలాగా. ఏంటది?"

"ఒకటా, రెండా?"

మరదలు ఆలోచించింది. ఆ కాస్త ఆలోచన ఆయనకి ఏళ్ళు పట్టినట్టుంది.

"ఒకటే బావా."

"అమ్మాయ్, జాగ్రత్తగా విను. కాలు కదపకు. ఎత్తింది ఎత్తినట్టు, పెట్టింది పెట్టినట్టు ఉంచు. పిల్ల ఒకటి కింద పడింది. తల్లి గదిలో అయినా పడుండాలి, ఇక్కడ మన కాళ్ళ మధ్య అయినా పడుండాలి."

"నా కాళ్ళ మధ్యా?" అంది. "ఎలుకా?"

"ఎలుక పిల్ల. కళ్ళు కూడా తెరవలేదు. నిన్నేం చేస్తుంది. నువ్వే దాన్నేమీ చేయకుండా చూడు."

ఆ మాట అంటుండగానే ఆయనకి గుర్తొచ్చింది. పరిగెత్తేటప్పుడు, గడప దాటాక, తన కుడి బూటు కింద ఏదో మెత్తగా తగిలింది. అప్పుడు ఆగలేదు. ఇప్పుడు ఆ మెత్తదనం అరికాలి నుంచి మోకాలి దాకా పాకింది.

బయటి తలుపు మీద గోటితో గీకినట్టు చిన్న చప్పుడైంది. డాక్టరమ్మ. లోపల కరెంటు పోయిందని తన గదిలోని హెచ్చరిక దీపం చెప్పి ఉంటుంది.

"మెల్లయ్య గారూ, ఏం జరిగింది? తలుపు తీయనా?"

"తీయకండమ్మా," అన్నాడు ఆయన. జరిగినదంతా చెప్పాడు. కోటు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఏమీ తెలియలేదు. "అమ్మాయ్, ఈ కోటు..."

"ఉతికాను బావా. రెండుసార్లు సబ్బు పెట్టి." ఆవిడకి అర్థమైపోయింది. "ఉతక్కూడదా?"

తలుపు అవతల డాక్టరమ్మ ఊపిరి వదలడం వినిపించింది.

"సరే," అంది ఆవిడ. తిట్టలేదు. తిట్టి ఉంటే మెల్లయ్యకి తేలిగ్గా ఉండేది. "తలుపు తీస్తే ఎండ పడుతుంది, తల్లి గొట్టంలో ఇంకా లోపలికి పోతుంది. ఎర్ర టార్చి ఎక్కడుంది?"

"గదిలో మేకుకి. అక్కడికి పోవాలన్నా ఈ నేల మీంచే పోవాలి."

"అయితే చేతులతోనే వెతకండి. తొందరగా. హీటరు లేదు, అది చల్లబడుతుంది."

మెల్లయ్య జీవితంలో మొదటిసారి ఆయన్ని తొందరపడమన్నారు, తొందరపడకూడని చోట.

ఉన్నచోటే కూర్చున్నాడు. మోకాళ్ళు పటపటమన్నాయి. అరచేతులు నేల మీద పెట్టాడు. పొద్దున కడిగిన నేల, సిమెంటు ఇంకా తడిగా, మంచులా ఉంది. వేళ్ళని పాలపిట్ట ఈకల్లా తేలిగ్గా ఆడిస్తూ ఒక్కో చోటా తడుముతున్నాడు. ముందు వెనక్కి, గడప వైపు. అది చూడకుండా ముందుకు పోవడం ఆయన వల్ల కాలేదు. వేలికి మెత్తగా, తడిగా తగిలింది. రెండో వేలు పెట్టాడు. పోగులు. నేల తుడిచే గుడ్డ.

ఏడుపొచ్చేసింది ఆయనకి, చీకటి కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"దొరికిందా?" అంది మరదలు.

"లేదు."

"నా ఎడమ కాలు తిమ్మిరెక్కింది బావా."

"ఓర్చుకో తల్లీ."

"కళ్ళద్దాలు చేతిలోనే ఉన్నాయి. పెట్టుకుంటావా?"

"ఈ చీకట్లో అద్దాలెందుకే."

"ఏదో ఒకటి మాట్లాడకపోతే పడిపోయేలా ఉన్నాను."

"మాట్లాడు. కదలకుండా మాట్లాడు."

ఆవిడ మాట్లాడింది. చిన్నప్పుడు అక్క తనని ఎలుక వచ్చిందని బెదిరించి తన వాటా మిఠాయి ఎలా తినేసేదో చెప్పింది. మెల్లయ్య ఆ గొంతు వైపు పాకుతున్నాడు. గోడవార, పైపు మొదట్లో, మళ్ళీ నేల. ఏమీ లేదు. ఏమీ లేదు. చెప్పు అంచు తగిలింది. చెప్పు పక్కన, ఆవిడ రెండు పాదాల మధ్య, ఉడికిన చిక్కుడు గింజలా నున్నటిది ఒకటి. చల్లగా ఉంది.

"అమ్మా, దొరికింది," అన్నాడు తలుపు వైపు. "చల్లగా ఉంది. కదలట్లేదు."

"చనిపోయిందని అప్పుడే అనుకోవద్దు. ఈ వయసులో చల్లబడితే అలాగే బిగుసుకుపోతుంది. వేడి ఇవ్వండి. వేడెక్కితే పిలుస్తుంది. పిలిస్తే తల్లి దిగుతుంది."

మెల్లయ్య తన అరచేతుల్ని బుగ్గకి ఆనించి చూసుకున్నాడు. మంచుగడ్డలు. వీటిలో పెడితే ఉన్న కాస్త వేడీ పోతుంది.

"అమ్మాయ్, నీ చేతులు వేడిగా ఉన్నాయా?"

ఎందుకు అడుగుతున్నాడో మరదలికి తెలుసు. చీకట్లో ఆవిడ ఊపిరి పైకీ కిందకీ అవుతోంది.

"ఉన్నాయి," అంది చివరికి. "చెమట్లు పట్టి ఉన్నాయి."

"దోసిలి పట్టు. నేను పెడతాను. మూసెయ్యకు, పక్షి గూడులా ఉంచు."

"బావా, నేను అరుస్తానేమో."

"అరవవు."

"అరిస్తే?"

"అరిస్తే తల్లి రాదు. అంతే."

అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. ఆ దోసిలి వెతుక్కుని, ఆ చిన్న ముద్దని అందులో దించాడు. ఆవిడ ఒళ్ళంతా ఒక్కసారి జలదరించడం ఆయన వేళ్ళకి తెలిసింది. కానీ దోసిలి కదల్లేదు. నెమ్మదిగా, వేడి టీ మీద ఊదినట్టు కాకుండా, అద్దం మీద ఆవిరి పట్టేలా, ఆవిడే దాని మీద ఊపిరి వదలడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు.

ఎంతసేపు గడిచిందో. పైన గొట్టంలో రేకు మీద గోళ్ళు ఒకసారి అటు పోయాయి, ఒకసారి ఇటొచ్చాయి. అటు పోయినప్పుడల్లా మెల్లయ్య ప్రాణం ఫ్యాను రెక్కల దాకా పోయొస్తోంది. స్విచ్ కట్టేశానని తెలిసీ భయమే.

"కదిలింది," అంది మరదలు, ఊపిరంత గొంతుతో.

ఆ వెంటనే పిల్ల పిలిచింది. వినపడీ వినపడనంత సన్నటి కీచు, చెవిలో సూది గుచ్చినట్టు. మళ్ళీ. పైన గోళ్ళ చప్పుడు ఆగిపోయింది.

తర్వాత జాలీ కదిలింది. పైపు మీద గోళ్ళు దిగుతున్నాయి. ఒక అడుగు, ఆగడం, ఇంకో అడుగు. ఆ ప్రాణి కిందికి రావడమన్నది దాని పుట్టుకకే విరుద్ధం, కానీ వస్తోంది. మెల్లయ్య కోటు విప్పి దూరంగా తోసేద్దామనుకున్నాడు, బట్ట చప్పుడవుతుందని ఆగిపోయాడు. చెయ్యగలిగింది ఏమీ లేదు. మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు. ఆవిడ అరవకూడదు. ఆవిడ చేతులు విడిపోకూడదు. ఆయనకి తెలిసిన దేవుళ్ళందరికీ ఆ రెండే విన్నపాలు.

పైపు మీద చప్పుడు ఆగింది. అంటే దూకింది. ఎక్కడికి దూకిందో ఆవిడ గొంతులోంచి వచ్చిన చిన్న మూలుగుని బట్టి తెలిసింది. భుజం మీదికి.

మరదలు అరవలేదు. గోళ్ళు బట్ట మీద బరబరమంటూ భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి మణికట్టుకి దిగాయి. పిల్ల పిలుస్తూనే ఉంది. పిలుపు ఒక్కసారిగా మధ్యలో తెగిపోయింది. మళ్ళీ గోళ్ళు, ఈసారి పైకి, భుజం, పైపు, జాలీ. రేకు మోగింది.

"తీసుకుపోయింది," అంది మరదలు. "నోట కరుచుకుని తీసుకుపోయింది బావా. నా వేలు కూడా కొరికింది." అని నిలబడ్డ చోటే గోడకి జారబడి కూర్చుంది.

బయటికొచ్చాక ఎండలో చూస్తే ఆవిడ బొటనవేలు నెత్తురోడుతోంది. డాక్టరమ్మ కడిగి కట్టు కట్టి, సూది వేయించింది. మరదలు కట్టు చూసుకుని, "ఉతికినందుకు కూలీ బాగానే ముట్టింది," అంది. ఎవరూ నవ్వలేదు, ఆవిడతో సహా.

తల్లి దిగి రాలేదు. బలవంతం చేయవద్దంది డాక్టరమ్మ. కరెంటతన్ని పిలిపించి, ఫ్యాను రెక్కలు విప్పించి, కొత్త పెట్టె ఒకటి ఆ గొట్టం పక్కన దూలానికే బిగించారు. గొట్టంలోంచి పెట్టెకి, పెట్టెలోంచి దూలాలకి. నడవా మొత్తం ఇక తల్లిదే. మూత తీయడం, తొంగి చూడటం ఏ ఒక్కరికీ లేదు. మెల్లయ్య గింజలు పెట్టి వెనక్కి వచ్చేయాలి.

దీనివల్ల వచ్చిన చిక్కేంటంటే, ఆ పిల్ల బతికిందో లేదో తెలియదు. చచ్చిన పిల్లని కూడా తల్లి కొన్నాళ్ళు నోట పట్టుకు తిరుగుతుంది. గింజలు తరుగుతున్నాయి, అంటే తల్లి తింటోంది. అంతవరకే. మెల్లయ్య రోజూ ఆ దూలం కింద చెవి ఒగ్గి నిలబడేవాడు. ఒక్కోరోజు ఏదో విన్నట్టుండేది, ఒక్కోరోజు తన ముక్కు శబ్దమే అనిపించేది.

నాలుగు రోజులుండి పోదామనుకున్న మరదలు వెళ్ళలేదు. "మీ ఆయన్ని ఇలా వదిలి ఎలా పోను" అని అక్కతో అంది గానీ, విషయం అది కాదని అక్కకీ తెలుసు. సాయంత్రం మెల్లయ్య గడపలోకి రాగానే ఆయన మొహం చూసేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. ఇద్దరూ టీ తాగేవాళ్ళు. ఆ విషయం ఎత్తేవాళ్ళు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం గింజలు పెట్టి వెనక్కి తిరిగాడు. పైన కొరుకుతున్న చప్పుడైంది. ఆ గొడవ తర్వాత ఆయన ఉండగా తల్లి తినడం ఇదే మొదలు. మెడ ఒక్కటే నెమ్మదిగా తిప్పాడు. ఎర్రటి మసకలో దూలం మీద కూర్చుని, రెండు చేతుల్తో గింజ పట్టుకుని, ఆయన్నే చూస్తూ కొరుకుతోంది. కడుపు కింద ఒక పిల్ల వేలాడుతోంది. బూడిదరంగు నూగు వచ్చింది. బాగానే ఉంది.

ఒకటే.

ఆయన కళ్ళు ఆ దూలం మీంచి కిందికి వాలిపోయాయి. తర్వాత గింజ తొక్క టప్పున నేల మీద పడితే మళ్ళీ పైకి చూశాడు. ఇంకో గింజ కోసం తల్లి అటు తిరిగింది. అవతలి పక్క, పొట్ట మడతలోంచి, ఇంకోటి జారి వేలాడింది. మొదటి దానికన్నా చిన్నది, బక్కచిక్కి ఉంది. వేలాడినంత మాత్రాన ఏం లాభం. కదలాలి. కదలదేం. తల్లి రెండడుగులు వేసింది, అది దూలానికి తగిలి అటూ ఇటూ ఊగింది, శవమైనా అలాగే ఊగుతుంది. తల్లి ఆగింది. పిల్ల ఊగడం ఆగింది. అప్పుడు దాని వెనక కాలు ఒకటి, దారంలాంటి కాలు, చాచుకుని, గాల్లో దేన్నో వెతికి, తల్లి బొచ్చు పట్టుకుంది.

ఆ సాయంత్రం మెల్లయ్య ఇంటికి పరిగెత్తలేదు. ఎప్పటిలాగే నడిచాడు, ఇంకా మెల్లగా నడిచాడేమో కూడా. గడపలో మరదలు నిలబడి ఉంది.

ఆయన రెండు వేళ్ళు చూపించాడు.

ఆవిడ ఆ వేళ్ళ వంకే చూస్తూ, "కదులుతున్నాయా?" అంది.

"కదులుతున్నాయి."

"చిన్నది కూడానా?"

"చిన్నదే కాలు చాపి తల్లిని పట్టుకుంది."

మరదలు లోపలికెళ్ళి, గిన్నెలు తోముతున్న అక్క పక్కన చతికిలబడి, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్క చేతి మసి కడుక్కోకుండానే ఆవిడ తల మీద చెయ్యి వేసింది. మెల్లయ్య బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాడు. ఎంతకీ రెండో బూటు ముడి రాలేదు.